రామూర్తి మాస్టారి చార్టులో లేని మాట

టెక్కలిలో రామూర్తి మాస్టారి కళ్ళపడ్డ తప్పు ఏదీ బతికి బట్టకట్టలేదు. బస్టాండు ఎదురుగా కొత్త టిఫిన్ కొట్టు తెరిచారంటే, ఇడ్లీ రుచి సంగతి తర్వాత, ముందు బోర్డు మీది ఇంగ్లీషు చూస్తారు. ఎవరైనా శుభలేఖ చేతికిస్తే జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, రెండు చోట్ల దిద్ది, కార్డు వాళ్ళకే తిరిగిచ్చి, "పెళ్ళికి తప్పకుండా వస్తాను" అంటారు. పిలవడానికి వచ్చినవాళ్ళ మొహాలు చూడాలి అప్పుడు.

ఆయన దగ్గర నేను ఎనిమిదో తరగతిలో చేరాను. ఇప్పుడు ఆయన ట్యూషన్‌లోనే చిన్న తరగతులకు పాఠం చెబుతున్నాను. నా పేరు ప్రమోదిని, మాది వజ్రపుకొత్తూరు పక్కన జీడితోటల ఊరు. మాస్టారంటే నాకు గౌరవం ఉంది, కోపమూ ఉంది. ఒక మనిషి గురించి రాయాలంటే రెండూ ఉండాలని నా అభిప్రాయం.

మాస్టారికి అరవై ఒకటి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే, "టెన్సు దాటిపోయింది" అని నవ్వేస్తారు. అన్నదమ్ములు ఊళ్ళో ఇల్లు పంచుకున్నప్పుడు ఈయన పుస్తకాల పెట్టె ఒకటి చాలన్నారట. దాన్ని బస్సు మీద వేసుకుని టెక్కలి వచ్చారు. అద్దెకు రెండు గదులు తీసుకున్నారు. ముందు గదిలో ట్యూషన్, వెనక గదిలో మంచం, స్టవ్వు. అప్పటి నుంచి ఇప్పటిదాకా అంతే.

టెన్సులు, పాసివ్ వాయిస్ అందరూ చెబుతారు. మా మాస్టారికి ప్రాణం మాత్రం నౌన్ ఫ్రేజ్. అందులోనూ డిటర్మినర్లు. ఆ పాఠం రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుంటారు.

"ఇంగ్లీషులో నామవాచకం ఒంటరిగా గడప దాటదర్రా" అని మొదలెడతారు. "ముందు ఎవరో ఒకరు నడవాలి. 'ఎ' నడవచ్చు, 'ది' నడవచ్చు, 'మై' నడవచ్చు, 'దిస్' నడవచ్చు. ఎవరూ లేకుండా 'బోట్ ఈజ్ కమింగ్' అన్నావనుకో, ఏ బోటు? ఎవరి బోటు? మనకు ముందే తెలిసిన బోటా, ఇప్పుడే కనబడ్డ బోటా? మన భాషలో 'పడవ వస్తోంది' అంటే చాలు, వినేవాడే సర్దుకుంటాడు. ఇంగ్లీషువాడు సర్దుకోడు. వాడికి ముందే చెప్పాలి."

ఎవరైనా 'ది మై హౌస్' అని రాస్తే ఇక ఆ రోజు పండగే. "ముందు సీటు ఒక్కటేరా! ఇది టెక్కలి ఆటో కాదు, డ్రైవరుకి అటొకడూ ఇటొకడూ కూర్చోడానికి. 'మై' ఎక్కితే 'ది' దిగాలి."

ఒకసారి నేనడిగాను, "మరి మీ పేరు ముందు ఏం రావాలి మాస్టారూ?" అని.

"పేర్లకి ముందు ఎవరూ అక్కర్లేదు. ప్రాపర్ నౌన్. రామూర్తి అంటే రామూర్తే. ముందూ ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు" అన్నారు.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. చాలా ఏళ్ళ తర్వాత ఒకరోజు అది గుర్తొచ్చి నవ్వు రాలేదు.

పొద్దున్న ఏడు గంటల క్లాసు సగంలో ఉండగా గుమ్మంలో నూకమ్మ బుట్ట దించేది. నూకమ్మది భావనపాడు. భర్త సోములు జబ్బుచేసి పోయాక, చేపలమ్మి కొడుకు గోవిందుని పెంచింది. ఆ గోవిందు పదో తరగతి ఇంగ్లీషు రెండుసార్లు తప్పితే, మాస్టారు వాణ్ణి ఏడాదంతా కూర్చోబెట్టి గట్టెక్కించారు. ఆ ఏడాది నుంచీ టెక్కలిలో దిగగానే నూకమ్మ బుట్టలో మొదటి చేప మాస్టారిదే. ఆవిడ రావడం కూడా పాఠంలో భాగమైపోయింది.

"చూడండర్రా. నూకమ్మ బుట్టలో ఏదో ఒకటి, 'ఎ ఫిష్'. నేను వేలు పెట్టి చూపించాను, 'ది ఫిష్'. నా గిన్నెలో పడింది, 'మై ఫిష్'."

"పిల్లి ఎత్తుకుపోతే ఏటంటారు మాస్టారూ?" అని నూకమ్మ అడిగింది.

"'ఇట్స్ ఫిష్' అంటారు" అని మాస్టారు తడుముకోకుండా చెప్పారు. ఎస్‌కి ముందు అపాస్ట్రఫీ చుక్క పెట్టకూడదని బోర్డు మీద రాసి మరీ చూపించారు. పిల్లి పుణ్యమా అని మా క్లాసులో ఆ తప్పు మళ్ళీ ఎవరూ చెయ్యలేదు.

ఇక చార్టు సంగతి. డిటర్మినర్లన్నిటికీ తెలుగు మాటలు రాసి మాస్టారు ఒక కాగితం తయారుచేశారు. 'ఎ' అంటే ఒక. 'ది' అంటే ఆ. 'దిస్' అంటే ఈ. 'మై' అంటే నా. 'అవర్' అంటే మా. 'ఎవ్రీ' అంటే ప్రతి. ఇరవై రెండేళ్ళ కిందటి కాగితం. అసలుది ప్లాస్టిక్ వేయించి గోడకి తగిలించారు, దాని మీద టీ మరక కూడా ఉంది. దాని జిరాక్సులు ఉద్దానంలో ఎన్ని ఊళ్ళల్లో ఎన్ని ట్రంకు పెట్టెల్లో ఉన్నాయో ఎవరికీ తెలియదు. మా ఇంట్లోనే మూడున్నాయి.

ఇంకొక్కటి చెప్పి అసలు కథలోకి వస్తాను. మా పాత విద్యార్థి రవికుమార్ కాశీబుగ్గలో ఇల్లు కట్టుకుని, "మాస్టారూ, ఆదివారం మనింట్లో గృహప్రవేశం, రావాలి" అని పిలిచాడు.

"మనిల్లా? నేనెప్పుడు కట్టానయ్యా?" అన్నారు మాస్టారు. "ఆ ఇంట్లో నాకు వాటా లేనప్పుడు 'మా ఇల్లు' అనాలి. 'మన' అంటే నేనూ అందులో ఉండాలి."

పాపం రవికుమార్ నవ్వలేక నవ్వి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక, "మర్యాదకి అంటారు మాస్టారూ" అని కసురుకున్నాను.

"మర్యాదకి అన్నా తప్పు తప్పే" అన్నారు. గృహప్రవేశానికి వెళ్ళారు, అక్షింతలు వేశారు, భోజనం చెయ్యకుండా వచ్చేశారు. అంత మొండి మనిషి.

కిందటేడు గోవిందు అండమాన్ నుంచి తిరిగొచ్చాడు. మూడేళ్ళు అక్కడ చేపల బోట్ల మీద పనిచేసి, వస్తూ వస్తూ భార్యని తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి పేరు మౌసుమి. అక్కడ స్థిరపడ్డ బెంగాలీ వాళ్ళ పిల్ల. ఇంటర్ దాకా ఇంగ్లీషులో చదివింది. గోవిందుతో హిందీలో మాట్లాడేది. నూకమ్మకి హిందీ రాదు, ఇంగ్లీషు రాదు, బెంగాలీ అసలే రాదు. వారం తిరక్కుండా కోడల్ని వెంటబెట్టుకుని ట్యూషన్‌కి వచ్చేసింది.

"మాస్టారూ, ఈ పిల్లకి మన మాట రాదు, నాకు దీని మాట రాదు. పొద్దల్లా ఇద్దరం సేతులూపుకుంటన్నాం. దీనికి ఇంగ్లీసు వచ్చునట. మీరు ఇంగ్లీసులో సెప్పి తెలుగు నేర్పీయండి."

"నేను తెలుగు వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు చెప్పేవాణ్ణి నూకమ్మా. ఇది తిరగేసి కుట్టమన్నట్టుంది."

"తిరగేసినా గుడ్డ అదే కదేటి!"

మాస్టారికి ఆ మాట నచ్చింది. వారానికి రెండు రోజులు, నూకమ్మ చేపలమ్ముకుని వచ్చేదాకా మౌసుమి మా దగ్గర కూర్చునేది. పొట్టిగా, పెద్ద కళ్ళతో, నేల చూపులు చూస్తూ ఉండే పిల్ల. మాస్టారు మొదటి రోజే గోడమీది చార్టు జిరాక్సు ఒకటి ఆమె చేతిలో పెట్టారు. ఆమె దాన్ని మడతపెట్టి పుస్తకంలో దాచుకున్న తీరు చూస్తే నాకు ముచ్చటేసింది.

చార్టు పట్టుకుని మాట్లాడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు. 'ది' అంటే ఆ అని ఉంది కాబట్టి ప్రతి మాటకీ ముందు 'ఆ' తగిలించేది. పదిహేను రోజులకి నూకమ్మ కడుపు పట్టుకుని నవ్వుతూ వచ్చింది.

"'ఆ అన్నం అయింది, ఆ అత్తమ్మా, రండి' అంతంది మాస్టారూ! నాను కాక ఇంకెంతమంది అత్తలున్నారో అడగండి."

"ఒక నీళ్ళు కావాలి" అని అడిగిందట ఇంకోరోజు. ఆ మాట భావనపాడంతా పాకి, ఊళ్ళో ఆడవాళ్ళు దాహమేస్తే 'ఒక నీళ్ళు' అనడం మొదలెట్టారు. అందరూ ఆ పిల్లని చూసి నవ్వారు, ఆ నవ్వులో ప్రేమే ఉంది. మౌసుమి కూడా నవ్వేది. తప్పు తెలిసినప్పుడల్లా పుస్తకంలో దిద్దుకునేది.

నాకు ఒళ్ళు మండిన సంగతి ఒకటుంది. మౌసుమి పుస్తకంలో రెండు వరసలు గీసుకుంది. ఒక వరసలో 'అత్తమ్మ మాట', ఇంకో వరసలో 'మాస్టారి మాట'. సెప్పు, చెప్పు. ఏటి, ఏమిటి. వత్తాను, వస్తాను. మాస్టారు అది చూసి మెచ్చుకుని, "అత్తమ్మది ఊరి మాట. అర్థం చేసుకో. నువ్వు మాత్రం పెద్దవాళ్ళ దగ్గర పుస్తకం మాటే మాట్లాడు. అది గౌరవం" అన్నారు. మా అమ్మ కూడా 'ఏటి' అనే మనిషే. పుస్తకం మాట కానంత మాత్రాన దానికేం లోటొచ్చిందని నేను వాదించాను. మాస్టారు వినలేదు. మౌసుమి మాత్రం బుద్ధిగా తల ఊపింది.

మౌసుమికి ఏడో నెల వచ్చాక ప్రయాణం వద్దని మానిపించారు. నూకమ్మ ఒక్కతే వచ్చేది. మొదటి చేప ఇచ్చేది, కానీ నోట మాట ఉండేది కాదు. పిల్లి కబుర్లు లేవు, కోడలి కబుర్లు లేవు.

"మౌసుమి ఎలా ఉంది నూకమ్మా?" అని నేనడిగితే, "దానికేటి, బాగానే ఉంది. దాని ఇల్లు, దాని ఇష్టం" అని బుట్ట ఎత్తుకుంది.

ఆ తర్వాత రెండు వారాలు రానే లేదు. మూడో వారం అదే ఊరి కన్నమ్మ బుట్టతో గుమ్మంలో నిలబడింది. మాస్టారు అడక్కముందే చెప్పేసింది.

"నూకప్ప ఎల్లిపోతంది మాస్టారూ. బారువలో సెల్లి ఉంది కదా, అక్కడికి. ఈ సాయంత్రమే బయల్దేరతాదట."

"పురుటి రోజులు దగ్గర పడుతుంటే ఇప్పుడు వెళ్ళడమేమిటి?" అన్నాను.

"కోడలు నోరు మంచిది కాదటమ్మా."

"మౌసుమికా? ఆ పిల్ల నోట్లోంచి మాటే రాదు."

"వత్తంది. మాస్టారు నేర్పినారు కదా" అంది కన్నమ్మ. అంది కానీ మాస్టారి మొహం చూసి గొంతు తగ్గించింది. "పొద్దున్న లేత్తే 'మా ఇల్లు', 'మా పడవ', 'మా వల' అంతాదట, నూకప్ప మొగం సూసే. ఆ ఇల్లు నూకప్ప తట్టలు మోసి కట్టినాది. ఆ పడవ సోములు బావ ఒగ్గి ఎల్లినాది. అయినా ఓర్సుకున్నాది. మొన్న కడుపు మీద సెయ్యేసుకుని, 'అత్తమ్మా, మా పాప కదులుతోంది' అన్నాదట. 'మీ పాపయితే మీరే సూసుకోండి' అని నూకప్ప సంచి సర్దీసినాది."

"గోవిందు ఏమంటున్నాడు?"

"ఆడు విశాఖపట్నంలో బోటెక్కినాడు కదా, ఇరవై రోజుల్దాకా రాడు. ఎక్కేముందు ఫోన్‌లో 'అది అలా అనదమ్మా' అన్నాడట. పెళ్ళాం తరపు మాటలాడినాడని ఆ కోపం ఇంకోటి."

మాస్టారు కుర్చీలోంచి లేచారు. గోడ దగ్గరికి వెళ్ళి చార్టు మీద వేలు పెట్టి పైనుంచి ఒక్కొక్క గీత దిగుతూ వచ్చారు. టీ మరక పక్కన వేలు ఆగింది. 'అవర్' అంటే మా. అంతే ఉంది అక్కడ.

"ప్రమోదినీ, ఇక్కడ ఇంకో మాట ఉండాలి కదా" అన్నారు.

"ఉండాలి మాస్టారూ. 'మన'."

"ఇరవై రెండేళ్ళలో ఎవరూ చెప్పలేదేం?"

ఏం చెప్పమంటారు? మాకు చార్టుతో పనిలేకుండానే తెలుసు. తల్లి ఒళ్ళో ఉండగానే ఎప్పుడు మా అనాలో ఎప్పుడు మన అనాలో మాకు వచ్చేసింది. ఆ కాగితం మీద మేమందరం తెలుగు నుంచి ఇంగ్లీషుకే వెళ్ళాం. ఇంగ్లీషు నుంచి తెలుగుకి నడిచొచ్చింది మౌసుమి ఒక్కతే. 'ఒక నీళ్ళు' అంటే తప్పని చెవికి తెలుస్తుంది కాబట్టి అందరూ నవ్వారు. 'మా పాప' తప్పులా వినబడదు. నూకమ్మకి అది చక్కటి తెలుగులా వినబడింది, సూటిగా గుండెల్లో దిగింది.

ఇన్నేళ్ళూ ఊరందరి బోర్డులూ దిద్దిన మనిషి తన కాగితంలో ఈ ఒక్క మాట ఎందుకు రాయలేదా అని నేను తర్వాత చాలా ఆలోచించాను. మతిమరుపు అనుకోను. 'మన' అనుకోవడానికి ఆ వెనక గదిలో రెండో మనిషి లేరు. ఆయనకి ఆ మాట అవసరం పడలేదు, అందుకే గుర్తు రాలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఆ రోజు మాస్టారు క్లాసు మధ్యలో ఆపేశారు. నాకు తెలిసి అదే మొదటిసారి. చార్టుని మేకు మీంచి తీసి చంకలో పెట్టుకుని, "స్కూటీ తియ్యమ్మా" అన్నారు. నౌపడ ఉప్పుమళ్ళు దాటాక, "నూకమ్మ వెళ్ళిపోతే ఆ పిల్లకి ఇక్కడ ఎవరున్నారు ప్రమోదినీ?" అన్నారు. నేను స్పీడు పెంచాను.

మేం వెళ్ళేసరికి నూకమ్మ ఇంటి ముందు ఇసకలో నెత్తళ్ళ చేపలు ఆరబోసి తిరగేస్తోంది. వెళ్ళిపోయే మనిషి వెళ్ళిపోకుండా పని ముగించుకుంటోంది. అరుగు మీద మూటకట్టిన సంచి ఉంది. తలుపు చాటున మౌసుమి నిలబడి ఉంది, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి.

"నూకమ్మా, తప్పు నాది" అన్నారు మాస్టారు.

"మీరేటి తప్పు సేత్తారు మాస్టారూ. సదూకున్నోరు."

"నేను ఆ పిల్లకి మాట తప్పుగా నేర్పాను. 'మా' అన్నా 'మన' అన్నా ఇంగ్లీషులో ఒకటే మాట. వాళ్ళ బెంగాలీలో కూడా ఒకటేనట. నేను ఒక్కటే రాసిచ్చాను."

"మాటదేటుంది? మనసులో లేకపోతే నోట్లోకెలా వత్తాది?" అని నూకమ్మ మళ్ళీ నెత్తళ్ళ మీదికి వంగింది.

మాస్టారు మౌసుమిని బయటికి పిలిచి, క్లాసులో అడిగినట్టే అడిగారు.

"మౌసుమీ, అది ఎవరి సముద్రం?"

మౌసుమి ముక్కు తుడుచుకుని, "మా సముద్రం" అంది.

"ఈ ఎండ?"

"మా ఎండ."

"టెక్కలి బస్సు?"

"మా బస్సు."

అప్పుడే ఒక కాకి నెత్తళ్ళ మీద వాలింది. "ఆ కాకి?" అన్నారు మాస్టారు.

మౌసుమి కాకిని చూసింది, మాస్టారిని చూసింది. పరీక్షలో చివరి ప్రశ్నకి జవాబు చెప్పినట్టు, "మా కాకి" అంది.

పక్కింటి ఆడవాళ్ళు పకాలున నవ్వారు. నూకమ్మ చేతిలో పుల్ల కాకి మీదికి విసరబోయి ఆగిపోయింది. "ఓలమ్మ! కాకిని కూడా ఒగ్గనేదేటే!" అంది. మూతి బిగించుకునే ఉంది కానీ గొంతులో బిగువు లేదు.

"అత్తమ్మ 'మన' అనడం నువ్వు ఎప్పుడూ వినలేదా?" అని నేను మౌసుమిని అడిగాను. రోజూ వినే మాట కదా, అదొక్కటే నాకు అర్థం కాలేదు.

మౌసుమి లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చింది. రెండు వరసలున్న పేజీ తీసింది. సెప్పు, చెప్పు. ఏటి, ఏమిటి. వత్తాను, వస్తాను. కింద ఆమె సొంతంగా రాసుకున్న గీత ఒకటి ఉంది. అత్తమ్మ మాట 'మన'. మాస్టారి మాట 'మా'.

"అత్తమ్మ 'మన' అంటారు. చార్టులో 'మన' లేదు. నేను అనుకున్నాను, అది ఊరి మాట" అంది మౌసుమి, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ. "పెద్దవాళ్ళ దగ్గర పుస్తకం మాట గౌరవం అని మాస్టారు చెప్పారు. అత్తమ్మ పెద్దవారు. అందుకే నేను ఎప్పుడూ 'మా' అన్నాను. ఒక్కరోజు కూడా మరచిపోలేదు."

మాస్టారు తల దించుకున్నారు. కోపం తీర్చుకోవడానికి నాకు అంతకంటే మంచి సమయం దొరకదు. కానీ ఆయన మొహం చూశాక ఆ కోపం అక్కడే వదిలేశాను.

నూకమ్మ నడుం నిమురుకుంటూ లేచి నిలబడింది. "గౌరవానికి అన్నావేటే గుంటా?" అంది. అని, మళ్ళీ అదే మాట మెల్లగా అంది, "నా గౌరవానికేటే?"

మాస్టారు వల తాడు ముక్క ఒకటి తీసుకుని ఇసకలో గుండ్రంగా పరిచారు. మౌసుమిని లోపల నిలబెట్టారు. "ఇందులో నువ్వు, గోవిందు. అత్తమ్మ బయట ఉంది. అత్తమ్మని బయట ఉంచి ఆమెతో మాట్లాడితే 'మా'." తర్వాత నూకమ్మ వైపు చూసి, "ఆమెని కూడా లోపలికి తీసుకుంటే 'మన'" అన్నారు.

మౌసుమికి ఇంగ్లీషులో ఇంకోసారి చెప్పవలసిన పని లేకపోయింది. ఆమె కాళ్ళ దగ్గరి తాడు చూసింది. తాడు అవతల నిలబడ్డ అత్తని చూసింది. ఇన్ని రోజులూ తను ఏమంటూ వచ్చిందో అప్పుడు తెలిసింది ఆ పిల్లకి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూలబడిపోబోతే నూకమ్మే గబుక్కున తాడు దాటి పట్టుకుంది.

"ఊరుకో, ఊరుకో. కడుపుతో ఉన్నదానివి."

మౌసుమి అత్త చెయ్యి తీసి తన పొట్ట మీద పెట్టుకుంది. "మన పాప" అంది. ఇంకోసారి, సరిగ్గా అన్నానో లేదో అన్నట్టు మాస్టారి వైపు చూసి, "అత్తమ్మా, మన పాప" అంది.

"మన పాపే. ఎవులు కాదన్నారు" అంది నూకమ్మ. అప్పటిదాకా బిగపట్టుకున్న ఏడుపంతా ఏడ్చింది. చేతికి చేపల తడి ఉందని గుర్తొచ్చి, చెయ్యి కొంగుకి తుడుచుకుని మళ్ళీ అక్కడే పెట్టింది. కాసేపటికి నా వైపు తిరిగి, "అమ్మా, ఆ సంచి లోపల పెట్టీయ్, కాకులు పీకేత్తాయి" అంది.

మాస్టారు అరుగు మీద కూర్చుని చార్టు ఒళ్ళో పెట్టుకున్నారు. ప్లాస్టిక్ అంచు చింపి, ఎర్ర పెన్ను తీసి, 'మా' పక్కన 'మన' అని రాశారు. శుభలేఖలు దిద్దే పెన్నే. అక్షరాలు పక్కకి పోయాయి.

మధ్యాహ్నం అన్నం తినకుండా కదలనివ్వలేదు. కానాగంతల చేపల పులుసు, ఎండునెత్తళ్ళ వేపుడు. మౌసుమికి కొత్త మాట దొరికింది కదా, దేన్నీ వదల్లేదు. మన అన్నం, మన పులుసు, మన ఉప్పు. ఇంతలో ఫోన్ మోగింది. విశాఖలో బోటు అనుకున్నదానికంటే ముందే ఒడ్డుకి చేరినట్టుంది. మౌసుమి ఫోన్ ఎత్తి చూసి సంబరంగా, "అత్తమ్మా, మన ఆయన!" అని కేకేసింది.

నాకు పొలమారింది. మాస్టారు ఎంగిలి చెయ్యి గాల్లోకి ఎత్తి, "వద్దమ్మా, వద్దు! అదొక్కటీ ఎప్పుడూ 'మా ఆయనే'" అన్నారు.

"ఎందుకు? అత్తమ్మకి కూడా గోవింద్ కదా?" అంది మౌసుమి.

నూకమ్మ గోడకి జారబడి, పైట నోట్లో కుక్కుకుని నవ్వింది. ఫోన్లో గోవిందు ఏమిటేమిటని అరుస్తూనే ఉన్నాడు. ఎవరూ చెప్పే స్థితిలో లేరు.

ఎండ కాస్త తగ్గాక బయల్దేరాం. నూకమ్మ చేపల సంచి ఒకటి స్కూటీకి తగిలించింది. మౌసుమి వాకిట్లోకి వచ్చింది. ఇసకలో మాస్టారు పరిచిన తాడు ఇంకా అలాగే ఉంది. అత్తా కోడలూ దాని లోపల, మేమిద్దరం బయట స్కూటీ దగ్గర.

"మాస్టారూ, పాప పుట్టాక మనింటికి తప్పకుండా రండి" అంది మౌసుమి.

నేను మాస్టారి వైపు చూశాను. పాఠం చెప్పింది ఆ పొద్దున్నే. ఆయన తాడుకి బయట ఉన్నారు. ఆ ఇంట్లో ఆయనకి వాటా లేదు. రవికుమార్‌ని నిలబెట్టి దిద్దిన తప్పు ఇదే. దిద్దుతారనే అనుకున్నాను. ఆయన చెయ్యి జేబు దాకా వెళ్ళింది, ఎర్ర పెన్ను మీద ఆగింది. నూకమ్మ ఆయన్నే చూస్తోంది. ఆవిడకి తప్పు తెలియకపోలేదు. తెలిసే ఊరుకుంది.

మాస్టారు చెయ్యి కిందికి దించేశారు. 

"వస్తానమ్మా" అన్నారు. "మనింటికి రాకుండా ఉంటానా."